ఆయన రాజీనామా నేనే రాశాను

పక్కింటి అమ్మాయి ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుకుంటోంది. మొన్న పొద్దున పుస్తకం పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. "తాతా, నీకు ఇంగ్లీషు వచ్చు గదా. ‘స్టెప్ డౌన్’ పెట్టి ఒక వాక్యం చెప్పు. పదవి నుంచి తప్పుకోవడం అంట. మూడు రాయాల, నాకు రెండే వచ్చినయ్" అంది. ఆమె రాసిన రెండూ చూశాను. ఒకదాంట్లో ఎవరో మంత్రి తప్పుకున్నాడు. ఇంకోదాంట్లో ఎవరో క్రికెట్ కెప్టెన్ తప్పుకున్నాడు. రెండూ తప్పుల్లేకుండా ఉన్నాయి. నాకేం గుర్తు రావట్లేదమ్మా అని చెప్పి పంపించేశాను.

అబద్ధం చెప్పాను. ఆ మాటతో నాకొక వాక్యం తెలుసు. దాన్ని నా చేత్తో నేనే రాశాను, కింద సంతకం మాత్రం వేరే మనిషి చేశాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన తరఫు వాళ్ళెవరైనా చదువుతారేమోనన్న భయం కొంత, ఆ పేరు నా కలంతో రాయడానికి సిగ్గు కొంత. మేమందరం ఆయన్ని సారు అనేవాళ్ళం. పోయారన్న సంగతి కూడా నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది.

బస్తర్‌లో నేను పనిచేసిన మొదటి గని పేరున్న గనేం కాదు. దంతెవాడ నుంచి జీపులో గంటన్నర దూరం. ఎవరో సేఠ్‌గారి సున్నపురాయి గని. అది మూతపడి చాలా కాలమైంది, గోతి నిండా నీళ్ళున్నాయని విన్నాను. కిరందుల్, బచేలీల్లో పెద్ద గనుల వాళ్ళకు క్వార్టర్లు, బడి, ఆస్పత్రి ఉండేవి. మాకు రేకుల షెడ్లు. చర్ల, వెంకటాపురం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళం ముప్పై మందిమి. మిగిలినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసులు, దొర్లలు, హల్బాలు. పొద్దున్నుంచి సాయంత్రం లోపల నాలుగు భాషలు నోట్లో తిరిగేవి.

సారు గోదావరి జిల్లా మనిషి. స్టోరులో గుమాస్తా. యాభై దాటినవారు, పెళ్ళాం పిల్లల మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు, మేమూ అడగలేదు. గనిలో కార్మికుల తరఫున భద్రత చూసేందుకు ఒక మనిషిని మేమే ఎన్నుకోవాలి. సేఫ్టీ మెంబరు అనేవాళ్ళం. ఆ రిజిస్టరు ఇంగ్లీషులో రాయాలి గనక చేతులెత్తి ఆయన్ని ఎన్నుకున్నాం. గుమాస్తాయే కదా, కుర్చీలో కూర్చుని రాసుకుంటాడులే అనుకున్నాం. మర్నాడే ఆయన స్టోరులోంచి ఆరడుగుల ఇనప కమ్మీ ఒకటి తీసుకుని కొండెక్కారు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్క పొద్దు కూడా మానలేదు. షిఫ్టు మొదలయ్యే ముందు రాతి గోడ వెంబడి నడుస్తూ కమ్మీతో కొట్టేవారు. తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని వినేవారు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట పెళ్ళగించి కింద పడేసేవారు. అంతా అయ్యాక పైనుంచి "ఆజావ్!" అని ఒక్క కేక వేసేవారు. ఆ కేక వినపడందే ఒక్కరం కూడా గోడ కిందికి పోయేవాళ్ళం కాదు. మేనేజరు వచ్చి అరిచినా కదిలేవాళ్ళం కాదు. విన్న తర్వాత మాత్రం తల కూడా ఎత్తకుండా లోపలికి నడిచేవాళ్ళం. రాయి ఎలా ఉందో చూసే పని ఆయనకు ఒప్పజెప్పి మేం చూడటమే మానేశాం. నమ్మకం అనుకున్నాం దాన్ని.

ఆ కొట్టే అలవాటు ఆయనకు గని బయట కూడా పోలేదు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడను వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవారు. దంతెవాడలో హోటల్‌కి వెళ్తే ముందు పైకప్పు చూసి, తర్వాత స్తంభాన్ని తట్టి, ఆ తర్వాతే కూర్చునేవారు. మెస్సులో ఎప్పుడూ కొండకు వీపు పెట్టి కూర్చోలేదు. ఒకసారి మాలో ఒకడి పెళ్ళికి వచ్చి పెళ్ళికొడుకు కూర్చోబోయే పీట తట్టి చూశారు. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయన మాత్రం "పర్లేదు, కూర్చోమనండి" అని సీరియస్‌గా చెప్పారు.

కొండ మీద ఆయనకు తోడు ఉంగా. జగర్గుండా వైపు అడవి ఊరి దొర్ల మనిషి, నలభై దాటినవాడు. రెండో కమ్మీ అతను పట్టుకునేవాడు. సారుకు అనుమానం వచ్చిన చోట ఉంగా చేత కూడా కొట్టించేవారు. "నా చెవి చదువుకున్న చెవయ్యా, దానికి గర్వం ఎక్కువ. వాడి చెవి ఏం చెబుతుందో చూద్దాం" అనేవారు. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. ఉంగాకి తెలుగు బాగా వచ్చు గనక దొర్లీ నేర్చుకునే అవసరం సారుకి రాలేదు.

సాయంత్రాలు సారు మాకు ఇంగ్లీషు చెప్పేవారు. రాయి పేల్చడానికి కావలసిన బ్లాస్టరు సర్టిఫికెట్ పరీక్ష హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. ఆ సర్టిఫికెట్ ఉంటే పెద్ద గనుల్లో పని దొరుకుతుంది. మాకు రెండు భాషల్లోనూ రాయడం సమానంగా రాదు గనక గౌరవంగా ఉంటుందని ఇంగ్లీషు ఎంచుకున్నాం. పాత డంపరు వెనక తలుపుకు నల్లరంగు వేసి షెడ్డు గోడకు ఆనించారు. సుద్దముక్కలు కొనే పని లేదు, కొండ నిండా సున్నపురాయే. నేను డ్రిల్లు నడిపేవాణ్ణి. అందరికంటే చురుగ్గా ఉంటానని సారు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టుకునేవారు. ఆ సంగతి నేను నెత్తిన పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఆయన పాఠంలో నియమం ఒకటే. "చూసింది రాయవయ్యా. విన్నది నాకెందుకు?" పుస్తకంలోంచి తెచ్చిన వాక్యం కనిపిస్తే తుడిచేసేవారు. ‘స్టెప్ డౌన్’ చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. నేను అందరికంటే ముందు లేచి ముఖ్యమంత్రి తప్పుకున్నాడని ఇంగ్లీషులో చెప్పి చుట్టూ చూశాను.

"ఏ ముఖ్యమంత్రి? అప్పుడు నువ్వు పక్కనున్నావా?" అన్నారు సారు.

"లేను సారూ. రేడియోలో విన్న."

"అయితే రేడియోని పరీక్షకి పంపుదాం. కూర్చో. ఒక మనిషి పదవి వదిలేశాడంటే రెండు చెప్పాలి. దేన్ని వదిలాడు, ఎందుకు వదిలాడు. ఎందుకో చెప్పని వాక్యం నాకొద్దు."

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఉంగా చెయ్యెత్తాడు. అతనికి అక్షరాలు రావు. ఊరికే వచ్చి కూర్చునేవాడు. "మా అయ్య మా ఊరి పూజారి సారూ. కళ్ళకు దారి కనపడకుంట అయినంక, నేను ముందు నడిస్తే ఊరు తప్పిపోతదని చెప్పి తమ్మునికిచ్చిండు. ఇదైతదా?" అన్నాడు.

సారు దాన్ని ఇంగ్లీషు చేసి నల్లతలుపు మీద పెద్ద అక్షరాలతో రాశారు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. "ఇదయ్యా వాక్యం. ముఖ్యమంత్రులందరికీ ఇది చూపించాలి" అన్నారు. ఆ రోజు ఉంగా మీద నాకు కుళ్ళు పుట్టింది. దాచడం దేనికి.

ఆరో ఏడు వానలు ముందే వచ్చాయి. మంచి తెల్లరాయి అంతా ఉత్తరపు గోడలోనే ఉండేది. ఒక పొద్దున సారు అక్కడ కొట్టి, మళ్ళీ కొట్టి, ఉంగా చేత కొట్టించి, ఇద్దరూ పైకెక్కి చూశారు. గోడ అంచుకు నాలుగు గజాల వెనక నేల వేలెడు వెడల్పున పగిలి ఉంది. పగులుకు అడ్డంగా నాలుగు చోట్ల తడిమట్టి మెత్తారు. తెల్లారేసరికి మట్టి చీలింది. మళ్ళీ మెత్తారు, మళ్ళీ చీలింది. ఎండకు చీలిందనుకోవడానికి ఆ రోజుల్లో ఎండే లేదు. కొండ జరుగుతోందన్నమాట. ఉత్తరపు గోడ కిందికి ఎవరూ పోకూడదని సారు రిజిస్టరులో రాసేశారు.

పదకొండు రోజులు తెల్లరాయి రాలేదు. మేనేజరు సాబ్ మా తెలుగువాళ్ళను పిలిచాడు. మెత్తగా మాట్లాడే మనిషి. సేఠ్‌గారు గని బంద్ చేస్తానంటున్నాడని, వానలు పోయాక తెరిచినా కొత్తవాళ్ళను పెట్టుకుంటాడని హిందీలో చెప్పాడు. మీరు ఎన్నుకున్న మెంబర్ని నేను తీసెయ్యలేను, ఆయనే తప్పుకోవాలి, తబియత్ బాగాలేదని రెండు లైన్లు రాసిస్తే చాలు అన్నాడు. మేం బయటికి వస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి, కొత్త మెంబరు నువ్వే కదా అన్నాడు. నేను కాదనలేదు.

ఆ సాయంత్రం మెస్సులో తెలుగువాళ్ళం మాత్రమే కూర్చున్నాం. దొర్లవాళ్ళను పిలవలేదు. పిలిస్తే ఉంగా ఏమంటాడో మాకు తెలుసు. సారు మంచోడే అని అందరూ అన్నారు. అన్న తర్వాత, ఇంటికి పోతే తినేదేంది అని కూడా అందరూ అన్నారు. కాగితం రాసే పని నాకు అప్పగించారు. సారు దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషంతా పెట్టి నాలుగు వాక్యాలు రాశాను. అనారోగ్య కారణంగా సేఫ్టీ మెంబరు పదవి నుంచి స్టెప్ డౌన్ అవుతున్నాను అన్నది మూడో వాక్యం. రాశాక రెండుసార్లు చదువుకున్నాను. బాగా కుదిరిందని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. మిగిలినవాళ్ళు నీళ్ళ టాంకు దగ్గర నిలబడ్డారు. సారు కాగితం తీసుకుని అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు అందుకున్నారు. మొదటి వాక్యంలో ఒక తప్పు దిద్దారు. రెండో వాక్యంలో ఒకటి దిద్దారు. మూడో వాక్యం దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"నాకు ఒంట్లో బాగాలేదా? ఇది నువ్వు చూశావా?"

"లేదు సారూ. అట్ల రాయమన్నరు."

"ఎవరు?"

"అందరూ."

ఆయన కిటికీలోంచి టాంకు దగ్గర నిలబడ్డ వాళ్ళను చూశారు. వాళ్ళు తలలు తిప్పుకున్నారు. "అయితే ఉన్నది రాయి. నన్ను ఎన్నుకున్న మనుషులే వద్దన్నారు గనక తప్పుకుంటున్నాను అని రాయి. ఇప్పుడే సంతకం పెడతాను."

"అట్ల రాస్తే మా అందరి పేర్లు పైకి పోతయ్ సారూ. మా పని పోతది."

సారు కాగితం మడిచి మళ్ళీ విప్పారు. తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగారు. "ఉంగా కూడా వద్దన్నాడా?"

నా జీవితంలో ఎవరూ నన్ను అంత తేలిక ప్రశ్న అడగలేదు. లేదు సారూ, వాణ్ణి అడగలేదు అంటే సరిపోయేది. ఆ మాటంటే ఆయన సంతకం పెట్టరని నాకు తెలుసు.

"అన్నడు సారూ" అన్నాను.

ఆయన ఎర్ర పెన్సిలు కింద పెట్టి నల్ల కలం తీశారు. మూడో వాక్యాన్ని దిద్దకుండానే సంతకం పెట్టి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున మేనేజరు నన్ను మెంబరు అన్నాడు. ఉంగాను పిలవకుండా ఒక్కణ్ణే కమ్మీ తీసుకుని కొండెక్కాను. పగులు మీది మట్టి నాలుగు చోట్లా చీలి ఉంది. సందులో నా నాలుగు వేళ్ళూ పట్టాయి. చుట్టూ చూసి, తడిమట్టి తీసుకుని, ఎవరు చూసినా పగులు ఆగిందనుకునేలా ఆ చీలికల మీద కొత్తగా మెత్తాను. తర్వాత గోడలో గట్టిగా ఉందని తెలిసిన చోట నాలుగు దెబ్బలు కొట్టాను. ఖంగుమని బాగానే మోగింది. కింద మనుషులు ఎప్పటిలాగే నిలబడి ఎదురుచూస్తున్నారు. "ఆజావ్!" అని కేక వేశాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అందరూ తలొంచుకుని లోపలికి వచ్చారు. ఉంగా ఒక్కడే తలెత్తి చూశాడు.

"సారేడి?"

"ఒంట్లో బాగలేదంట. నేనే మెంబర్ని."

"కొట్టి చూసినవా?"

"చూసిన."

అతను ఇంకొంచెంసేపు నా మొహం వంక చూసి లోపలికి నడిచాడు. శనివారం దాకా అలాగే మట్టి మెత్తాను, అలాగే కేక వేశాను. ఆదివారం సెలవుకు ఉంగా ఊరికి పోయి వచ్చాడు. సోమవారం కూడా కేక వేశాను. ఆ మధ్యాహ్నం అందరం అన్నాలకు పైకి వచ్చాం. ఉంగా తన కమ్మీ మరిచిపోయానని వెనక్కి దిగాడు. చప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. వానకు తడిసిన రాయి జారినప్పుడు ఉరుములాగా ఉండదు, బస్తా దించినట్టు ఉంటుంది. చూసేసరికి ఉత్తరపు గోడ సగం నేల మీద ఉంది.

సారు స్టోరులోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకు వచ్చారు. మేం పలుగులు తెచ్చే లోపలే చేతులతో రాళ్ళు తీస్తున్నారు. చీకటి పడే వేళకు ఉంగా దొరికాడు. సారు వేళ్ళ చివర గోళ్ళు లేవు.

విచారణకు జీపులో ఒక అధికారి వచ్చాడు. నేను రాసిన కాగితం తీసి ఈ సంతకం మీదేనా అని సారుని అడిగాడు. నాదేనన్నారు. కారణం నిజమేనా అన్నాడు. మేం ముప్పై మందిమీ కాళ్ళవంక చూసుకుంటున్నాం. "కాగితంలో ఏముందో అదే" అన్నారు సారు. అధికారి రాసుకుని వెళ్ళిపోయాడు. ఆయన నోరు విప్పితే ముందు జైలుకు పోయేవాణ్ణి నేనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఉంగా పోయిన తొమ్మిదో రోజు సారు నా షెడ్డుకు వచ్చారు. "ఉంగా ఊరికి వెళ్ళాలి. వాడి భార్యకి తెలుగు రాదట, నాకు దొర్లీ రాదు. నువ్వు తోడు రావయ్యా" అన్నారు. చెప్పులు వేసుకుని ఆయన వెంట బయల్దేరాను. ఆయన భుజాన ఒక బియ్యం సంచి, చేతిలో ఉంగా కమ్మీ. సగం రోజు నడక. సగం దారిలో వాగు దాటాక తనే మాట మొదలుపెట్టారు.

"నేను సంతకం పెట్టినాక మూడు సాయంత్రాలు వాడు నా గది దగ్గరికి వచ్చాడు. సారూ, సారూ అని పిలిచాడు. నేను తలుపు తియ్యలేదు. వద్దని చేతులెత్తినవాడికి మళ్ళీ నాతో పనేంటి అని రోషం వచ్చింది. గోడ సంగతి చెప్పడానికే వచ్చాడేమో. నేను వినలేదు."

నేను ఆయన వెనక నడుస్తున్నాను. అప్పుడు చెప్పొచ్చు. ఆయన ముందు నడుస్తున్నారు గనక నా మొహం కూడా చూపించక్కర్లేదు. చెప్పలేదు.

"వాడు నన్నెందుకు వద్దనుకున్నాడో అది తెలియాలయ్యా నాకు. అందరూ వద్దన్నా నేను లెక్కచెయ్యను. ఆరేళ్ళు నా పక్కన నిలబడి విన్నవాడు, వాడికి నేను ఏం అన్యాయం చేశాను? ఆ ఒక్కటీ ఆమెను అడగాలి."

ఉంగా గుడిసె ఊరి చివర ఉంది. ఆమె ముంగిట్లో విప్పపూలు ఎండబెట్టిన చాపలు చుడుతోంది. బక్కపల్చటి మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు లోపలికి పోయాయి. సారు బియ్యం దించి, కమ్మీ గుమ్మానికి ఆనించి, చేతులు జోడించారు. అలవాటు కొద్దీ ఆ గుమ్మాన్ని కూడా వేలితో తట్టారు. ఆమె ఆయన్ని ఎప్పుడూ చూడకపోయినా ఆ తట్టడం చూసి పోల్చుకుంది. నా వైపు తిరగకుండా ఆయన మొహమే చూస్తూ దొర్లీలో మాట్లాడటం మొదలుపెట్టింది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

ఆమె అడిగింది ఇది. ఆయన ఎందుకు మానేశాడు? నా మొగుడు ఇంటికి వచ్చిన రాత్రి అన్నం తినలేదు. సారు నాతో చెప్పకుండా పోయిండు, పిలిస్తే తలుపు తియ్యలేదు అని ఒకటే బాధ. ఆయన కేక లేని గనిలోకి పోవద్దని నేనంటే, సారుకు ఒంట్లో బాగలేదంట, తిరిగొచ్చే దాకా గోడ నేను చూసుకోవాల అని పోయాడు. మావాడు ఆయనకు ఏం తప్పు చేశాడు? ఆ ఒక్కటీ అడుగు.

సారు నా వైపు తిరిగారు. "ఏమంటోందయ్యా?"

ఇద్దరూ ఒకటే ప్రశ్న పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. జవాబు వాళ్ళ మధ్య నిలబడి ఉంది. నాలుగు భాషలు వచ్చిన నా నోటికి ఒక్క మాట చాలు. అన్ని రోజుల్లో అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు, కొండ పైన మట్టి మెత్తినప్పుడు కూడా వెయ్యలేదు.

"కోపమేం లేదంట సారూ" అన్నాను. "ఉంగా భయపడ్డడంట. గని మూస్తరని. అందుకే వద్దన్నడంట. మిమ్మల్ని ఇంక ఈ ఊరికి రావద్దంటాంది."

సారు తలూపారు. ఆమెకు మళ్ళీ ఒకసారి నమస్కారం పెట్టి, వచ్చిన దారినే నడవడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే గని వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడికని నేను అడగలేదు. ఆ తర్వాత బతికినన్నేళ్ళూ ఉంగా తనను వద్దన్నాడనే అనుకుని ఉంటారు.

ఆమె ఆయన వీపు వంక చూస్తూ ఉండిపోయింది. ఏం చెప్పాడు అని నన్ను అడిగింది. ఒంట్లో బాగలేక మానేసిండంట అన్నాను. సగం రోజు ఎట్ల నడిచి వచ్చాడు పాపం, ఇప్పుడు తగ్గిందా అని అడిగింది.

తగ్గిందని చెప్పాను.